మా అమ్మ ఉన్న చోటల్లా

మా లోయలో పెళ్ళి కేకు మాడిపోయినా ఎవరూ పట్టించుకోరు. కుకీల బల్ల లేకపోతే మాత్రం ఆ పెళ్ళికూతురికి మనవలు పుట్టేదాకా దెప్పుతూనే ఉంటారు. ఉక్కు ఫ్యాక్టరీలు మూతపడి, సగం ఊరు ఖాళీ అయిపోయినా ఈ ఆనవాయితీ మాత్రం పోలేదు. పెళ్ళి ఖాయమైందంటే పెళ్ళికూతురి వైపు ఆడవాళ్ళంతా నెలల ముందు నుంచే రకరకాల కుకీలు చేసి ఫ్రీజర్లు నింపాల్సిందే. మారీసా పెళ్ళి సెప్టెంబరులో అని తెలిసిన దగ్గర్నుంచి మా వంటింట్లో ఓవెన్ ఆరలేదు. బయట ఎండ, లోపల ఓవెన్ సెగ. ఆ వేసవిలో మేమంతా చెమటతో, పంచదారతో జిడ్డోడుతూ తిరిగాం.

మారీసా మా పిన్ని కూతురు. పెరిగింది మాత్రం మా ఇంట్లో, నా మంచంలో సగం, నా బట్టల్లో సగం పంచుకుని. దానికి ఆరేళ్ళప్పుడు కార్మెల్లా పిన్ని దాన్ని ఒక పెట్టెతో సహా మా అమ్మకి అప్పగించి, "రెండు వారాలు చూసుకో అక్కా, ఫ్లోరిడాలో ఉద్యోగం చూసుకుని వచ్చి తీసుకెళ్తా" అంది. ఆ రెండు వారాలు ఇప్పటికీ పూర్తి కాలేదు. పిన్ని అక్కడ పళ్ళ డాక్టరుని పెళ్ళి చేసుకుంది, పేరు క్యారల్ అని మార్చుకుంది, క్రిస్మస్‌కి ఒక కార్డు పంపేది. మారీసా కొన్నాళ్ళు మా అమ్మను పెద్దమ్మా అని పిలిచింది. తర్వాత ఎవరూ చెప్పకుండానే అమ్మా అనడం మొదలుపెట్టింది. మా అమ్మ ఫిలొమీన దానికి అభ్యంతరం చెప్పలేదు.

మారీసా పెద్దదై కనెక్టికట్‌లో ఒక ఆస్పత్రిలో నర్సుగా చేరింది. అక్కడే గ్రెగరీ విట్‌కోమ్ అనే కుర్రాడితో పరిచయమైంది. నన్ను తోడిపెళ్ళికూతురుగా ఉండమంది. ఉండటమంటే పూలగుత్తి పట్టుకుని పక్కన నిలబడితే సరిపోదు. భోజనాల దగ్గర గ్లాసు పట్టుకుని లేచి, పిల్ల ఎలాంటిదో, ఎలాంటి ఇంట్లో పెరిగిందో అటువైపు వాళ్ళకి తెలిసేలా మాట్లాడాలి. నేను ఫర్నిచర్ కొట్లో ఫోన్లు ఎత్తే మనిషిని. నోటితో అయితే ఎంతసేపైనా వాగుతాను. కాగితం మీద పెట్టమంటే మాత్రం చెమటలు పట్టాయి.

"రాశావా?" అనేది జోసీ అత్త, వంటింట్లో అడుగు పెడుతూనే. జోసీ అత్త మా నాన్నకి అక్క. నాన్న పోయినా మా అమ్మ మీద ఆవిడ పెత్తనం పోలేదు.

"రాస్తున్నా అత్తా."

"నెల నుంచీ రాస్తున్నావు. పోప్‌గారు ఈస్టరు ప్రసంగానికి కూడా ఇంత టైం తీసుకోరు. అందులో ఏముంది చెప్పు, నవ్వించు, ఏడిపించు, గ్లాసులు ఎత్తించు, కూర్చో."

"ఆ మధ్యలో చెప్పాల్సింది ఏమిటో కూడా చెప్పు మరి."

"బ్రిడ్జి సంగతి చెప్పు. అది చాలు."

"నా సంగతులెందుకు అందులో," అంది అమ్మ. ఆవిడ బట్టలారేసే చెక్క క్లిప్పులకి పిండి పట్టీలు చుడుతోంది. కాలాక క్లిప్పు లాగేసి, ఆ గొట్టంలో క్రీము నింపుతారు. మా లోయలో అవి మా అమ్మలాగా ఎవరికీ కుదరవని అందరూ ఒప్పుకుంటారు. "పిల్ల గురించి రాయి రోజీ. ఎంత తెలివైనదో రాయి."

"నువ్వు లేకుండా పిల్ల గురించి ఏం రాస్తుంది? పిల్ల ఆకాశంలోంచి ఊడిపడిందా?" అంది అత్త.

అలా పిండి పిసుకుతూ, అక్రోట్లు దంచుతూ వాళ్ళు చెబుతుంటే నేను రాసుకున్నాను. బ్రిడ్జి సంగతి నాకెవరూ చెప్పక్కర్లేదు. మారీసా మూడో తరగతిలో ఉండగా ఒక జనవరిలో దానికి ఒళ్ళు కాలిపోయే జ్వరం వచ్చింది. నాన్న ఫ్యాక్టరీలో ఉన్నాడు, కారు ఆయన దగ్గరే ఉంది. మంచుకి అంబులెన్సు వాళ్ళు మా కొండ ఎక్కలేమన్నారు. అమ్మ, నాన్న పాత ఫ్యాక్టరీ కోటులో పిల్లని చుట్టి, వీపు మీద వేసుకుని, నది మీద బ్రిడ్జి దాటి ఆస్పత్రికి నడిచి వెళ్ళింది. నేను కిటికీ దగ్గర నిలబడి, ఆ కోటు కనబడినంతసేపు చూశాను. ఇంకొక గంట ఆలస్యమైతే పిల్ల దక్కేది కాదన్నారు.

గౌను సంగతీ రాశాను. చర్చిలో మారీసా మొదటిసారి సత్ప్రసాదం తీసుకునే రోజుకి తెల్ల గౌను కొనే స్తోమత అప్పుడు మాకు లేదు. అమ్మ తన పెళ్ళి గౌను కత్తిరించి దానికి కుట్టింది. పద్ధతి ప్రకారం ఆ గౌను నాది, నా పెళ్ళికి నేను తొడుక్కోవాల్సింది. ఆ రోజు నేను ఏడ్చి ఇల్లు పీకి పందిరేశాను. అది కూడా రాశాను, నవ్వించడానికి పనికొస్తుందని.

రాయడం అయ్యాక వాళ్ళకి చదివి వినిపించాను. జోసీ అత్త ముక్కు చీదుకుని, "పరవాలేదు," అంది. ఆవిడ నోటి నుంచి అది చాలా పెద్ద మాట. అందరూ వెళ్ళిపోయాక అమ్మ, సింకు దగ్గర గిన్నెలు తోముతూ, నా వైపు తిరక్కుండానే అడిగింది.

"ఆ బ్రిడ్జి దగ్గర ఇంకోసారి చదువు."

చదివాను. ఆవిడ ట్యాపు కట్టేసి మరీ వింది. మా అమ్మ జీవితమంతా బడి వంటశాలలో పిల్లలకి సూపు వడ్డిస్తూ గడిపింది. ఆవిడ గురించి ఎవరూ ఎక్కడా లేచి నిలబడి నాలుగు మాటలు చెప్పింది లేదు. ఈ పెళ్ళిలో నేను చెప్పబోతున్నాను అనుకునేసరికి నాకు చాలా గర్వంగా అనిపించింది.

ఆగస్టులో మారీసా ఒక్కతే వచ్చింది, పెళ్ళి గౌను సరిచేయించుకోవడానికి. ఆ గౌను క్యారల్ పిన్ని కొనిపెట్టింది. ఇన్నేళ్ళ తర్వాత పిన్నికి కూతురు గుర్తొచ్చిందంటే మంచిదేలే అనుకున్నాం. మారీసా వాకిట్లో మెట్ల మీద కూర్చుని నా కాగితాలు చదివింది. చదువుతూ ఏడ్చింది. ఉత్తుత్తి ఏడుపు కాదు, కాటుక చెంపల మీదికి దిగిపోయింది.

"చాలా బాగుంది రోజీ."

"మరి ఆ మొహం ఏమిటి?"

"ఒక్కటి మార్చాలి." కాగితాలు మడిచింది, మళ్ళీ విప్పింది. "గ్రెగ్ వాళ్ళకి నన్ను మా అమ్మ పెంచిందనే తెలుసు."

"నిజమే కదా. మీ అమ్మ లోపల పిండి పిసుకుతోంది."

"ఈ అమ్మ కాదు. ఫ్లోరిడాలో అమ్మ."

నాకు వెంటనే అర్థం కాలేదు. అర్థమయ్యాక ఆ కాగితాలు దాని చేతిలోంచి లాక్కున్నాను.

"కావాలని చెప్పలేదు," అంది. "మొదట్లో వాళ్ళమ్మ అడిగింది, మీ అమ్మగారు ఎక్కడుంటారని. ఫ్లోరిడాలో అన్నాను. అది అబద్ధం కాదు కదా. ఎప్పుడు వెళ్ళారంది. నేను కాలేజీలో చేరాక అన్నాను. నోటికి వచ్చేసింది. తర్వాత చిన్నప్పటి సంగతులు అడిగేది, నేను చెప్పేదాన్ని. మన సంగతులే. ఏం చెప్పినా అమ్మ, అమ్మ అనే చెప్పాను. ఇంక వెనక్కి రాలేకపోయాను."

"పిన్నికి తెలుసా?"

"తెలుసు. గ్రెగ్ వాళ్ళమ్మా, తనూ ప్రతి ఆదివారం ఫోన్లో మాట్లాడుకుంటారు. ఆవిడకి తనంటే చాలా ఇష్టం."

"గ్రెగ్‌కి?"

తల అడ్డంగా ఊపింది.

"మరి మా అమ్మ ఎవరు ఈ కథలో?"

"పెద్దమ్మ. చాలా ప్రేమగల పెద్దమ్మ."

నాకు ఒళ్ళు మండిపోయింది. "సిగ్గు లేదూ నీకు? కన్నతల్లి వదిలేసి పోతే ఎత్తుకుని పెంచిన మనిషిని చుట్టపుచూపుకి వచ్చినదాన్ని చేస్తావా?"

"నిన్ను ఎవరూ పెట్టెతో దింపేసి వెళ్ళలేదు," అంది మారీసా. గొంతు పెంచలేదు. "వాళ్ళింట్లో మెట్ల పొడుగునా గోడ మీద ఫోటోలు. వాళ్ళ తాత, ఆయన తాత. ఆ గోడ ముందు నిలబెట్టి మీ అమ్మ ఎలాంటిదమ్మా అని అడిగితే, నన్ను అక్కర్లేదనుకున్న అమ్మ అని చెప్పాలా? నువ్వైతే చెప్పేదానివా?"

అక్కర్లేదనుకున్న తల్లి ఒక్కతే, కావాలనుకున్న తల్లి కూడా ఉంది కదా అని అనాల్సింది. ఆ మాట నాకు తర్వాత తట్టింది.

"నువ్వు మా అమ్మ అని రాసిన చోటల్లా వాళ్ళమ్మ అని చదువు. అంతకంటే ఏమీ మార్చక్కర్లేదు," అంది.

"అవన్నీ తీసేస్తాను. వేరేవి చెప్తాను."

"వేరేవి ఏమున్నాయి రోజీ? ఆవిడ గురించి చెప్పడానికి ఒక్కటి చూపించు. అసలు అమ్మ ఊసే ఎత్తకపోతే వాళ్ళకి అనుమానం రాదా?"

"అయితే వేరే ఎవరినైనా చూసుకో. నేను చెప్పను."

అది లోపలికి వెళ్ళలేదు. అమ్మకి కనబడకుండా అటు నుంచి అటే గౌను కుట్టేవాళ్ళ దగ్గరికి వెళ్ళిపోయింది.

అమ్మకి చెప్పకూడదనే అనుకున్నాను. కానీ నేను కోపం దాచుకునే రకం కాదు. తలుపు కొట్టిన తీరుకే ఆవిడకి తెలిసిపోయింది. అడిగింది, చెప్పేశాను, అంతా చెప్పేశాను. అమ్మ చేతిలో ఉన్న క్లిప్పుకి పిండి చుట్టడం పూర్తి చేసింది. ఇంకోటి తీసుకుంది.

"మార్చి చదువు," అంది.

"ఏమిటి?"

"అది అడిగినట్టు చదువు."

"నీకు మతి పోయిందా? ఆ కొండ దిగి, ఆ చలిలో వీపు విరగ్గొట్టుకుని వెళ్ళింది నువ్వు. అప్పుడు ఆ మహాతల్లి సముద్రం ఒడ్డున ఐస్‌క్రీం తింటోంది."

"మెల్లిగా మాట్లాడు, వీధి తలుపు తీసి ఉంది." అమ్మ నా వైపు చూసింది. "పెళ్ళికి ముందు ఇది బయటపడితే ఏమవుతుంది? వాళ్ళు దీన్ని అబద్ధాలకోరు అంటారు. పెళ్ళి ఆగుతుందో లేదో నాకు తెలియదు. కానీ మన వల్ల ఆగిందని అది మళ్ళీ ఈ గడప తొక్కదు. నాకు తెలుసు దాని సంగతి. దానికి అవమానం జరిగిన చోటికి అది మళ్ళీ రాదు. చిన్నప్పటి నుంచీ అంతే."

"రాకపోతే పోనీ."

"నీకు పోతుంది. నాకు పోదు."

నేను ఆ పిండి పళ్ళెం ఎత్తి విసిరేద్దామనుకున్నాను. అమ్మ మళ్ళీ అంది, ఈసారి చాలా మామూలుగా, "నువ్వు చదవకపోతే ఇంకెవరో నాలుగు ముక్కలు చదివి కూర్చుంటారు. అందులో బ్రిడ్జి ఉండదు. నువ్వు చదివితే ఎవరి పేరు మీద అయితేనేం, ఆ సంగతి నేను వింటాను కదా."

అది విన్నాక నేను ఏం చేయగలను?

తర్వాత వారం అమ్మ చేసిన పని ఇంకా ఘోరం. కుకీలు చేస్తున్న ఒక్కొక్కరి ఇంటికీ తనే వెళ్ళి, పెళ్ళిలో ఎవరూ ఏమీ అనొద్దని మాట తీసుకుంది. జోసీ అత్త ఇంటికి నన్ను కూడా వెంటబెట్టుకుని వెళ్ళింది.

"నేను పెళ్ళికే రాను," అంది అత్త. "వస్తే ఆ కార్మెల్లా నెత్తిన పళ్ళెం బోర్లిస్తాను."

"రా వదినా. పిల్ల మొహం చూసి రా."

"పిల్ల మొహం చూసే అంటున్నాను. ఆ పిల్లకి మొహం ఎలా చెల్లుతుంది?"

"నా కోసం రా," అంది అమ్మ.

అత్త నా వైపు తిరిగింది. "నువ్వూ ఒప్పుకున్నావా? నోరున్న దానివే కదా?"

నేను నేల చూపులు చూశాను. అత్త చివరికి ఒప్పుకుంది. ఒప్పుకుంటూ మా అమ్మని తిట్టిన తిట్లు ఇక్కడ రాయడం బాగుండదు.

పెళ్ళి మా చర్చిలోనే జరిగింది. పెళ్ళికూతురు పుట్టిపెరిగిన చోటే చేయాలని గ్రెగ్ వాళ్ళమ్మ మిసెస్ విట్‌కోమ్ పట్టుబట్టిందట. మంచిదే ఆవిడ. నిజంగా మంచిదే, అదే నాకు మరీ కష్టమనిపించింది. వచ్చీరాగానే కుకీల బల్ల చూసి నోరు తెరిచింది. ఫైర్ స్టేషన్ వెనక హాల్లో ఒక గోడ పొడుగునా బల్లలు వేసి, అంచెలంచెలుగా పళ్ళేలు పేర్చాం. ఇవన్నీ ఎవరు చేశారని అడిగితే, మారీసా "మా వాళ్ళంతా కలిసి" అని గబగబా అవతలికి తీసుకుపోయింది.

క్యారల్ పిన్ని లేత నీలం గౌనులో వచ్చింది. రంగు తేలి, నవనవలాడుతూ, మా అమ్మకంటే ఇరవై ఏళ్ళు చిన్నదానిలా ఉంది. చర్చిలో మొదటి వరసలో కూర్చుంది. తల్లి పెట్టుకోవాల్సిన పువ్వు గుండెల మీద పెట్టుకుంది. మా అమ్మకి హాల్లో చోటు జోసీ అత్త వాళ్ళతో, వంటగది తలుపు పక్కన బల్ల దగ్గర ఇచ్చారు. పిన్ని ఒకసారి వచ్చి, "అక్కా, నీ రుణం తీర్చుకోలేను," అని అమ్మ చెంప ముద్దు పెట్టుకుంది. అమ్మ దాని మెడలో గొలుసు తిరగబడితే సరిచేసి పంపింది.

భోజనాలు సగంలో ఉండగా నన్ను పిలిచారు. మైకు పట్టుకుని లేచాను. కాగితం మీద నేను ఏదీ దిద్దలేదు, అన్నీ మొదట రాసినట్టే ఉన్నాయి. చదివేటప్పుడు మాత్రం మార్చుకోవాలి. నవ్వించాల్సిన చోట నవ్వారు. గౌను దగ్గరికి వచ్చాను.

"ఆ ఏడు వాళ్ళమ్మ దగ్గర డబ్బుల్లేవు," అన్నాను. నా గొంతు నాకే వేరేలా వినబడింది. "పెట్టెలోంచి తన పెళ్ళి గౌను తీసి, కత్తెర పెట్టి..."

నేను ఏడ్చి యాగీ చేసిన భాగం వదిలేయాల్సి వచ్చింది. ఎవరి పెళ్ళి గౌనో పోతే నేనెందుకు ఏడుస్తాను? తర్వాత బ్రిడ్జి. అంబులెన్సు కొండ ఎక్కలేదని చెప్పాను, కోటు సంగతి చెప్పాను, పిల్లని వీపున వేసుకుని వాళ్ళమ్మ బ్రిడ్జి దాటిందని చెప్పాను. తలెత్తి చూస్తే మిసెస్ విట్‌కోమ్ రుమాలు తీసింది. పక్కనే ఉన్న పిన్ని కూడా ఏడుస్తోంది. అది నటన అయితే నేను క్షమించేదాన్నేమో. నిజంగానే ఏడుస్తోంది, ఎవరో కొత్త మనిషి గొప్పతనం విన్నట్టు.

"ఇలాంటి తల్లి చేతుల్లో పెరిగిన పిల్ల మీ ఇంటికి వస్తోంది," అని ముగించి గ్లాసు ఎత్తాను.

అటు బల్లల వాళ్ళంతా లేచి చప్పట్లు కొట్టారు. ఇటు బల్లల వాళ్ళు కూర్చునే ఉన్నారు. పిన్నులు, అత్తలు, ఇరుగుపొరుగు, మారీసాని ఆరేళ్ళప్పటి నుంచీ ఎరిగినవాళ్ళు. ఒక్కరి చేయీ లేవలేదు. అటువైపు వాళ్ళు ఒకరిద్దరు వెనక్కి తిరిగి చూడటం మొదలుపెట్టారు. అప్పుడు మా అమ్మ చప్పట్లు కొట్టింది. కొడుతూ తన చుట్టూ ఉన్న బల్లల వంక ఒక్కొక్కటిగా చూసింది. ఒకరి తర్వాత ఒకరు వాళ్ళూ కొట్టారు. జోసీ అత్త రెండే రెండుసార్లు కొట్టింది, దోమని చంపినట్టు.

నేను కూర్చున్నాక మారీసా నా చేయి పట్టుకుని నొక్కింది. నేను చేయి లాక్కుని ఫోర్కు తీసుకున్నాను. తర్వాత కొత్త జంట బల్లబల్లకీ తిరిగారు. మా అమ్మ దగ్గరికి వచ్చినప్పుడు గ్రెగరీ వంగి దణ్ణం పెట్టినంత పని చేసి, చేయి కలిపాడు. మారీసా అమ్మ మెడ చుట్టూ చేతులు వేసింది.

"కుకీలు చాలా బాగున్నాయి పెద్దమ్మా," అంది.

అమ్మ, "తిను, తిను," అంది.

కుకీలు ఇంటికి తీసుకెళ్ళడానికి అందరికీ చిన్న అట్టపెట్టెలు ఇస్తాం. డ్యాన్సులు మొదలయ్యాక అమ్మా నేనూ బల్ల వెనక నిలబడి పెట్టెలు కడుతున్నాం. మిసెస్ విట్‌కోమ్ పిన్ని మోచెయ్యి పట్టుకుని అక్కడికి వచ్చింది.

"నేనింకా ఆ బ్రిడ్జి గురించే ఆలోచిస్తున్నాను క్యారల్ గారూ. ఇన్ని ఆదివారాలు మాట్లాడుకున్నాం, ఒక్కసారి కూడా చెప్పలేదే."

"అందులో చెప్పుకోవడానికి ఏముందండీ," అంది పిన్ని. "ఏ తల్లైనా చేసేదే కదా. అబ్బ, ఆ రోజు వాన మాత్రం. అలాంటి వాన నేను మళ్ళీ చూడలేదు. ఒళ్ళంతా తడిసి ముద్దయిపోయాను."

అమ్మ చేతిలో తాడు ఆగింది.

"మంచు, కార్మెల్లా," అంది. "వాన కాదు. జనవరి కదా."

పిన్ని మొహం ఒక్క క్షణం తెల్లబోయింది. మిసెస్ విట్‌కోమ్ అమ్మ వైపు తిరిగి, ఎంతో మర్యాదగా అడిగింది, "మీరు కూడా ఉన్నారా అప్పుడు?"

చెప్పెయ్యమ్మా, చెప్పెయ్, అని లోపల అరుస్తున్నాను. ఒక్క మాట చాలు, ఇక్కడ ఎవరూ అడ్డుపడరు.

"నేను ఇంట్లో ఉన్నానండీ," అంది అమ్మ. "ఇది పిల్లని ఎత్తుకుని వెళ్తుంటే కిటికీలోంచి చూశాను. ఆ కోటు కనబడినంతసేపు చూశాను."

అది నా కిటికీ. మా అమ్మ తన చోటు చెల్లెలికి ఇచ్చేసి, నా చోటు తను తీసుకుంది. నాకు ఏడుపు కూడా రాలేదు.

మిసెస్ విట్‌కోమ్ వెళ్ళాక అమ్మ పిన్నిని గోడవార కుర్చీల దగ్గరికి తీసుకెళ్ళి కూర్చోబెట్టింది. కాఫీ తెచ్చి ఇచ్చింది. నేను పెట్టెలు కడుతూ వింటున్నాను. అమ్మ మెల్లగా, వరసగా చెబుతోంది. కోటు ఏ రంగో చెప్పింది. ఆస్పత్రి వాళ్ళు మొదట వెనక గుమ్మం దగ్గరికి పొమ్మన్నారని చెప్పింది. జ్వరం తగ్గాక పిల్ల మొదట అడిగింది పీచు పండ్ల డబ్బా అని చెప్పింది. గౌను కుట్టుకి చేతుల దగ్గర గుడ్డ చాలలేదని, కర్టెను లేసు కలిపానని చెప్పింది. పిన్ని తల ఊపుతూ, "ఆహా, తర్వాత?" అంటోంది. బడిలో వెనకబడిన పిల్లకి పరీక్ష ముందు పాఠం చెప్పినట్టుంది ఆ వరస.

కారులో ఇంటికి వస్తూ నేను స్టీరింగు మీద గుద్దాను. "ఎందుకు చెప్పావు దానికి అవన్నీ? నేను చదివాను, అయిపోయింది. అంతటితో పోనివ్వచ్చు కదా."

"ఇప్పుడు అందరూ అడుగుతారు దాన్ని. సగం సగం తెలిస్తే పట్టుబడిపోతుంది. పట్టుబడితే మారీసాకే తలవంపులు."

"నీకేం మిగిలింది మరి?"

అమ్మ చెప్పులు విప్పి కాళ్ళు చాపుకుంది. "పిల్ల మిగిలింది," అంది. "పండగలకి వస్తుంది. వచ్చినప్పుడు ఈ గొడవంతా ఎవరికి గుర్తుంటుంది?"

నవంబరు వచ్చింది. థాంక్స్‌గివింగ్ పండగకి అమ్మ మారీసా గదిలో కొత్త దుప్పట్లు పరిచింది. పండగ దగ్గర పడుతుండగా మారీసా ఫోన్ చేసింది. కొత్తగా పెళ్ళైన జంట మొదటి పండగకి పెళ్ళికూతురి తల్లి ఇంటికి వెళ్ళాలి కదా అని మిసెస్ విట్‌కోమ్ అన్నదట. ఆవిడకీ ఫ్లోరిడా చూడాలని ఉందట. అందరూ కలిసి అక్కడికి వెళ్తున్నారు. కాదంటే ఏమని కాదనాలి? అమ్మ, "వెళ్ళండి, వెళ్ళండి, అక్కడ ఎండగా ఉంటుంది," అంది. నాకు మాత్రం ఎవరి మీద అరవాలో కూడా తెలియలేదు. నేను చదివిన స్పీచే ఆ పిల్లకి అక్కడికి దారి చూపించింది.

పండగ రోజు జోసీ అత్త, అమ్మ, నేను, ముగ్గురమే తిన్నాం. అత్త బల్ల దగ్గరే కునుకు తీస్తుండగా ఫోన్ మోగింది. నేను ఎత్తాను. మారీసా. వెనకాల గోలగోలగా నవ్వులు, పిన్ని గొంతు అందరికంటే పైన. అమ్మని పిలవమంది. అమ్మ చేతులు తుడుచుకుంటూ పరుగున వచ్చింది. రిసీవరు చెవికి కాస్త దూరంగా పట్టుకోవడం ఆవిడ అలవాటు, అందుకని నాకూ వినబడింది.

"పండగ శుభాకాంక్షలు పెద్దమ్మా. ఒకటి అడగాలి, త్వరగా చెప్పు. ఇక్కడ బ్రిడ్జి సంగతి వచ్చింది. నేను భయపడకుండా దారి పొడుగునా ఏం పాట పాడారని గ్రెగ్ వాళ్ళమ్మ అడుగుతోంది. అమ్మకి గుర్తు రావట్లేదు. ఏం పాట?"

అమ్మ రిసీవరు రెండో చేతిలోకి మార్చుకుంది.

"ఏ పాటా పాడలేదని చెప్పు," అంది. "ఆ గాలికి ఊపిరే అందలేదు. పాట ఎక్కడ్నుంచి వస్తుంది?"

అటు నుంచి మారీసా ఏమందో నాకు వినబడలేదు. ఏదో నవ్వు, ఎవరో పిలవడం, తర్వాత ఫోన్ పెట్టేసిన చప్పుడు. అమ్మ రిసీవరు దాని చోట పెట్టింది. మారీసా గదిలోకి వెళ్ళి, పరిచిన దుప్పట్లు తీసి మడత పెట్టి తెచ్చి, బీరువాలో పై అరలో సర్దింది.

"మళ్ళీ చేస్తే నువ్వే మాట్లాడు రోజీ," అంది. "నేను లేనని చెప్పు."